కూర్చునే చోటు కోసం: కేరళలో ఒక సంక్రాంతి వారం

ఆదివారం, పాలక్కాడ్ మీదుగా

శబరి ఎక్స్‌ప్రెస్ నిండా అయ్యప్ప స్వాములే. మకరజ్యోతికి ఇంకా మూడు రోజులుంది. ఇరుముడులు పై బెర్తుల మీద భద్రంగా సర్దుకున్నారు. నేను చీరాలలో ఎక్కినప్పటి నుంచి తిరుపతి దాటేదాకా శరణుఘోష వినిపిస్తూనే ఉంది. సంక్రాంతి సెలవుల్లో ఇల్లు వదిలి కేరళ ఎందుకని మా వాళ్లు అడిగారు. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. రాజ్యాంగ పీఠికలో ‘వ్యక్తి గౌరవం’ దగ్గరకు రాగానే పిల్లలు ఉదాహరణ అడుగుతారు. చట్టాల పేర్లు, అధికరణాల సంఖ్యలు చెబితే రాసుకుంటారు, అంతే. ఆ గౌరవాన్ని మనుషులు ఏ వీధిలో, ఎవరి దగ్గర నుంచి, ఏం అడిగి రాబట్టుకున్నారో చోటు చూపించి చెప్పాలని చాలాకాలంగా నా కోరిక.

కేరళను ఎంచుకున్నది అక్కడ అంతా బాగుందని కాదు. రైలు పాలక్కాడ్ కనుమలోకి రాగానే ఉత్తరం వైపు కొండలు కనిపిస్తాయి. ఆ కొండల్లోనే అట్టప్పాడి ఉంది. 2018 ఫిబ్రవరిలో అక్కడ మధు అనే ఆదివాసీ యువకుణ్ణి బియ్యం దొంగిలించాడంటూ పట్టుకుని, చేతులు కట్టేసి, కొట్టి చంపారు. కొడుతూ సెల్ఫీలు దిగారు. మణ్ణార్‌క్కాడ్ ప్రత్యేక కోర్టు 2023లో 14 మందిని దోషులుగా తేల్చింది. అక్షరాస్యతలో, ఆరోగ్యంలో దేశానికి ముందున్న రాష్ట్రంలో ఆకలితో ఉన్న మనిషికి జరిగిన సంగతి ఇది. ఈ వారమంతా ఏ మంచి విషయం విన్నా దీన్ని పక్కన పెట్టుకునే వినాలని అనుకున్నాను.

పాలక్కాడ్‌లో దిగి కోజికోడ్ రైలు ఎక్కాను. కొంత దూరం భారతప్పుళ పక్కనే ప్రయాణం. జనవరికే నదిలో నీటికన్నా ఇసుకా గడ్డీ ఎక్కువగా ఉన్నాయి. కోజికోడ్ స్టేషన్లో సిస్టర్ గారు ఎదురుచూస్తున్నారు. గుంటూరులో ఒక ఆస్పత్రిలో ఉద్యోగ జీవితమంతా గడిపి, పదవీ విరమణ చేసి సొంత ఊరు తిరూర్ చేరుకున్న నర్సు ఆమె. మా ఇంట్లో ముగ్గురి కాన్పులకు ఆమే దగ్గరున్నారు. “పండక్కి అల్లుళ్లు అత్తారింటికి వెళ్తారు, నువ్వు నా దగ్గరికి వచ్చావమ్మా” అన్నారు చక్కని తెలుగులో.

సోమవారం, మిఠాయి తెరువు

కోజికోడ్ నడిబొడ్డున మానాంచిర చెరువు, దాని పక్కనే మిఠాయి తెరువు. వీధి మొదట్లో రచయిత ఎస్.కె. పొట్టెక్కాట్ విగ్రహం. లోపలికి వాహనాలు రానివ్వరు కాబట్టి తీరిగ్గా నడవవచ్చు. రంగురంగుల హల్వా దిమ్మలు, చెప్పులు, చీరలు, గాజులు, సెల్‌ఫోన్ కవర్లు. ఒక్కో దుకాణంలో నలుగురైదుగురు ఆడవాళ్లు పనిచేస్తుంటారు. నేను హల్వా కోసం రాలేదు, స్టూళ్లు చూడటానికి వచ్చాను.

పదిహేనేళ్ల కిందట ఈ వీధిలో పనిచేసే ఆడవాళ్లకు కూర్చునే హక్కు లేదు. కొనేవాళ్లు లేని సమయంలో కూడా నిలబడాలి. గోడకు ఆనుకున్నా తప్పే. కూర్చుంటే జీతం కోసేవారు. కొన్ని దుకాణాల్లో కెమెరాలో చూసి మరీ కోసేవారు. పొద్దున్నుంచి రాత్రి దాకా పది, పన్నెండు గంటలు. కాళ్ల నరాలు ఉబ్బేవి, మడమలు వాచేవి. చాలా దుకాణాల్లో మరుగుదొడ్డి కూడా లేదు. దగ్గర్లోని హోటలుకు వెళ్లి టీ తాగినట్టు నటించి పని కానిచ్చుకునేవారు, లేదంటే సాయంత్రం దాకా నీళ్లు తాగడమే మానేసేవారు. దానితో మూత్రనాళ జబ్బులు. ఒక యజమాని మరుగుదొడ్డి అడిగినవాళ్లకు అసలు ఉద్యోగమే వద్దన్నాడట, ఆడవాళ్లను పనిలో పెట్టుకుంటే ఇదే తంటా అని కూడా అన్నాడట. ఈ మాట చెప్పిన గాజుల దుకాణం ఆవిడ గొంతులో ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఈ వీధిలోనే కుట్టుపని చేసుకునే పి. విజి 2009 ప్రాంతంలో ‘పెణ్‌కూట్టు’ అనే మహిళల సంఘం పెట్టారు. అప్పటికే ఉన్న పెద్ద కార్మిక సంఘాలకు ఇది చిన్న విషయంగా కనిపించింది. వేతనం, బోనస్ అయితే పోరాటం, మూత్రానికి వెళ్లడం గురించి ధర్నా చేస్తామా అన్నట్టు ఉండేది ధోరణి. అందుకే ఆడవాళ్లే సొంతంగా కూడారు. మొదట మరుగుదొడ్ల కోసం అడిగారు. తర్వాత కూర్చోవడం కోసం. త్రిస్సూర్‌లో ఒక పెద్ద చీరల దుకాణం ముందు 2014 చివర్లో ఆడవాళ్లు సమ్మెకు దిగారు, నెలల తరబడి చేశారు. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల, వాణిజ్య సంస్థల చట్టాన్ని సవరించింది. పని మధ్యలో వీలు చిక్కినప్పుడు కూర్చోవడానికి యజమాని ఆసనం ఏర్పాటు చేసి తీరాలి. 2021లో తమిళనాడు కూడా ఇలాంటి సవరణే తెచ్చింది.

వీధి పొడవునా చూసుకుంటూ నడిచాను. చాలా దుకాణాల్లో కౌంటరు వెనుక ప్లాస్టిక్ స్టూలో, చిన్న బల్లో ఉంది. ఒక చోట ఇద్దరమ్మాయిలు వంతులవారీగా కూర్చుంటున్నారు. మరో చోట స్టూలు ఉంది కానీ దాని మీద అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. తనిఖీకి ఎవరైనా వచ్చే రోజున మాత్రం పెట్టెలు కిందికి దిగుతాయని పక్క దుకాణం ఆమె చెప్పింది. నాలాంటి కొనుగోలుదారు లోపలికి అడుగుపెట్టగానే చటుక్కున లేచి నిలబడ్డవాళ్లే ఎక్కువ. “కూర్చోండి, నేను చూసుకుంటాను” అని సిస్టర్ గారు మలయాళంలో అంటే ఒకమ్మాయి యజమాని వైపు చూసి, తర్వాత కూర్చుంది. చట్టం వచ్చాక కూడా ఆ చూపు ఉంది. అయినా చట్టం ఉన్నందువల్ల ఇప్పుడు కూర్చున్నందుకు జీతం కోస్తే ఫిర్యాదు చేసే దారి ఒకటుంది. ఆ గాజుల దుకాణం ఆవిడ నాకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది అదే: “ముందు అది వాళ్ల దయ. ఇప్పుడు నా హక్కు. దయ అయితే రేపు ఉండకపోవచ్చు.”

మన ఊళ్లలో పెళ్లి చీరలకు వెళ్తాం. మూడు గంటలు మనం పరుపుల మీద కూర్చుని, వంద చీరలు విప్పించి, రెండు కొంటాం. ఆ విప్పే పిల్ల ఎప్పటినుంచి నిలబడి ఉందో ఎప్పుడైనా అడిగామా? గుంటూరు, విజయవాడ, సికింద్రాబాద్ చీరల దుకాణాల్లో ఈ స్టూలు వచ్చే రోజు కోసం నేను మనసారా ఎదురుచూస్తున్నాను.

మంగళవారం, వడకర

కోజికోడ్‌కు ఉత్తరాన రైల్లో గంట ప్రయాణం. ఇక్కడి ఊరాలుంగల్ కూలీల సహకార సంఘానికి వందేళ్లు నిండాయి. 1925 నాటి సంగతి. వాగ్భటానంద గురు అనే సంస్కర్త ఈ ప్రాంతంలో కులభేదాలకు, మూఢాచారాలకు వ్యతిరేకంగా ఆత్మవిద్యా సంఘం నడిపేవారు. ఆయన మాట విన్న కూలీలకు భూస్వాములు పని ఇవ్వడం మానేశారు. పస్తులుంటే దారికొస్తారని అనుకున్నారు. ఆ కూలీలు దారికి రాలేదు, సంఘం పెట్టుకున్నారు. 14 మంది, ఆరణాల మూలధనం. రోడ్డు పని, మట్టి పని తామే కాంట్రాక్టుకు తీసుకోవడం మొదలుపెట్టారు.

ఇవాళ ఆ సంఘం వంతెనలు, జాతీయ రహదారులు కడుతోంది. కోజికోడ్‌లో ఒక సైబర్ పార్కు, ఇరింగల్‌లో ‘సర్గాలయ’ అనే చేతివృత్తుల గ్రామం నడుపుతోంది. వేల మంది పనిచేస్తారు. పాలక మండలిలో కూర్చునేది ఆ పనివాళ్లలో నుంచి ఎన్నికైనవాళ్లే. సర్గాలయ ముందు బెంచీ మీద తారు పూసిన బూట్లు విప్పుకుంటున్న ఒకాయన సిస్టర్ గారితో మాట కలిపారు. పని చోటికే భోజనం వస్తుంది, భవిష్యనిధి ఉంది, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు సంఘానిది. ఆయన కొడుకు ఇంజనీరింగ్ చదివి అదే సంఘంలో చేరాడు.

నాకు పాలమూరు గుర్తొచ్చింది. దేశంలో పెద్ద ఆనకట్టలు చాలావాటికి మట్టి మోసినవాళ్లు మహబూబ్‌నగర్ జిల్లా కూలీలు. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెడితే ఆలుమగలు పిల్లలతో సహా లారీ ఎక్కేవారు. అప్పు తీరేదాకా ఆ మేస్త్రీ చెప్పిందే లెక్క. అదే చేతి పని, అదే పార, అదే తట్ట. వడకరలో ఆ పార పట్టినవాడు కాంట్రాక్టు కాగితం మీద కూడా సంతకం పెట్టాడు. తేడా మొత్తం అక్కడే ఉంది.

బుధవారం, మలప్పురం జిల్లాలో ఒక పంచాయతీ

తెలుగునాట ఇవాళ భోగి. ఇక్కడ మామూలు పని రోజు. ఉదయం ఎనిమిదిన్నరకే తిరూర్ దగ్గర ఒక పంచాయతీ ఆరోగ్య కేంద్రం ముందుకు వెళ్లాం. మంచం పట్టినవాళ్లను ఇళ్లకే వెళ్లి చూసుకునే జట్టు తెల్ల జీపు నిలబడి ఉంది. నర్సు ఒకామె పెట్టె సర్దుతోంది: దూది, గాజుగుడ్డ, క్యాథెటర్లు (మూత్రం పోయే గొట్టాలు), చేతి తొడుగులు, మాత్రల సీసాలు, పుండ్లు కడిగే మందు. ఆమెతో పాటు ఇద్దరు వాలంటీర్లు. ఒకరు చేపల వ్యాపారి, మరొకరు కాలేజీ విద్యార్థిని. సిస్టర్ గారు కూడా వారానికి రెండు రోజులు వీళ్లతో తిరుగుతారు.

ఇక్కడికి రావడానికి నాకు సొంత కారణం ఉంది. మా పెద్దమ్మ గర్భాశయ క్యాన్సర్‌తో పోయింది. ఆఖరి నెలల్లో ఒక ఆస్పత్రిలో ఇక చేసేదేమీ లేదని చెప్పి ఇంటికి పంపేశారు. చేసేదేమీ లేదన్న మాట తర్వాత కూడా ఆమె బతికే ఉంది. ఆ రోజుల్లో ఆమె అరుపులు వీధి చివరిదాకా వినపడేవి. నొప్పి తగ్గించే మందు ఒకటుందని, అది చవకైనదేనని మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ మందు మార్ఫిన్. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం దాన్ని ఆస్పత్రులకు దాదాపు అందకుండా చేసింది. లైసెన్సు మీద లైసెన్సు కావాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా జైలు భయం. నల్లమందు పండించే దేశంలోనే క్యాన్సర్ రోగులు నొప్పికి మందు లేక పోయారు. పార్లమెంటు ఆ చట్టాన్ని సడలించింది 2014లో. కానీ కోజికోడ్ వైద్య కళాశాలలో 1993లోనే డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, ఇంకొందరు కలిసి ఒక నొప్పి నివారణ సంఘం ప్రారంభించారు. కొన్నేళ్లకు వాళ్లకు ఒక విషయం అర్థమైంది. మంచం మీదున్న మనిషిని ఆస్పత్రికి మోసుకురావడం కన్నా ఆస్పత్రే ఆ మంచం దగ్గరకు వెళ్లడం మేలు. అందుకు డాక్టర్లు చాలరు, ఊరు మొత్తం కావాలి. 2001 ప్రాంతంలో మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగు జట్లు ఏర్పడ్డాయి. వారానికి రెండు గంటలు ఇవ్వగలవాళ్లు ఎవరైనా రావచ్చు. శిక్షణ ఇస్తారు. బస్సు కండక్టర్లు, బడిపిల్లలు, హమాలీలు చిల్లర డబ్బాల్లో వేసిన రూపాయిలతో నర్సుల జీతాలు వచ్చాయి. 2008లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని తన విధానంగా ప్రకటించింది. దేశంలో అలాంటి విధానం అదే మొదటిది. ఇప్పుడు పంచాయతీలు తమ బడ్జెట్లోంచే ఇంటింటి సంరక్షణకు డబ్బు కేటాయిస్తాయి.

మొదటి ఇల్లు కొబ్బరితోటలో. పక్షవాతంతో ఆరేళ్లుగా మంచంలో ఉన్న పెద్దాయన. నర్సు గుమ్మంలోనే ఆగి, “ఆంధ్ర నుంచి ఒక టీచర్ వచ్చారు, లోపలికి రానివ్వమంటారా?” అని ఆయన్నే అడిగింది. కోడల్ని కాదు, కొడుకుని కాదు. ఆయన తల ఊపాక లోపలికి వెళ్లాను. గాలి నింపిన పరుపు. దుప్పటి తీసేముందు చేపల వ్యాపారి కిటికీ తెర దించాడు. వీపు మీద పుండు ఉంది, మానుతోంది. కడిగి, కట్టు కట్టి, పక్కకు ఒరిగించి, కాళ్లు సాగదీయడం కోడలికి మళ్లీ ఒకసారి చూపించారు. పని అయ్యాక అందరూ వెళ్లిపోతారనుకున్నాను. వాళ్లు కూర్చున్నారు. పంచాయతీ ఎన్నికల్లో ఎవరు గెలిచారో, ఫుట్‌బాల్‌లో ఏ జట్టు ఓడిందో పావుగంట మాట్లాడారు. ఆ పావుగంట కూడా చికిత్సలో భాగమని శిక్షణలో నేర్పుతారట.

రెండో ఇంట్లో నలభై దాటిన స్త్రీ, రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. నర్సు అడిగింది. ఆమె వద్దంది. నేను బయట పెరట్లో అరటిచెట్ల దగ్గర నిలబడ్డాను. అంత దూరం నుంచి వచ్చిన అతిథి కదా, ఫరవాలేదులే అని ఎవరూ ఆమెను బతిమాలలేదు. చచ్చిపోతున్న మనిషికి కూడా తన గదిలోకి ఎవరు రావాలో చెప్పే అధికారం ఉంది. మా పెద్దమ్మ మంచం చుట్టూ చూడవచ్చినవాళ్లు రోజంతా నిలబడి ఉండేవారు, ఎవరూ ఆమెను అడగలేదు.

నర్సు బయటికొచ్చాక జీపులో చెప్పింది: మార్ఫిన్ మోతాదు కొంచెం పెంచారు, రాత్రి నిద్ర పడుతోందట. ఆమె కూతురు పదకొండో తరగతి, ఫీజు జట్టు కడుతోంది. ఇంటికి బియ్యం, పప్పు, నూనె కూడా నెలనెలా వస్తాయి. వైద్యం కోసం ఇల్లు ఖాళీ అయిపోతే రోగి తాను భారమైపోయానని కుమిలిపోతాడు, ఆ కుమిలిపోవడానికి మాత్రలు లేవని నర్సు అంది.

ఆ రోజు మరికొన్ని ఇళ్లు తిరిగాం. అన్నీ రాయను, రాయవద్దని కొందరు అడిగారు కూడా. ఒక ఇంట్లో మాత్రం వేరే సంగతి జరిగింది. మతిమరుపు వ్యాధి ఉన్న ముసలమ్మ సిస్టర్ గారి చేయి పట్టుకుని వదల్లేదు, తన చెల్లెలనుకుంది. సిస్టర్ గారు చెల్లెలిగానే మాట్లాడి వచ్చారు.

మన దగ్గర లేదా అంటే ఉంది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి నివారణ విభాగం ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో కూడా ఇలాంటి కేంద్రాలు తెరిచింది. కానీ అవి ఆస్పత్రుల నుంచి నడిచేవి. ఇక్కడ చూసినది వేరు. చేపల బుట్ట దించి, చేతులు కడుక్కుని, పొరుగింటి మనిషి వీపు పుండు కడగడానికి వచ్చే వ్యాపారి. అలాంటి వాళ్లు మన ఊళ్లలో లేరని నేను నమ్మను. పండగకు ఊరందరికీ అన్నదానం చేసే చేతులు మనవి. ఎవరో ఒకరు పిలిచి, నేర్పి, జీపులో చోటు చూపించాలి.

గురువారం, వైకోం

జనవరి 15 కేరళలో పాలియేటివ్ సంరక్షణ దినం, అంటే నిన్న చూసినలాంటి ఉపశమన సేవ కోసం కేటాయించిన రోజు. తిరూర్ స్టేషన్లో బడిపిల్లలు డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. సిస్టర్ గారు, నేను చెరో నోటు వేసి ఎర్నాకుళం రైలెక్కాం. అక్కడి నుంచి వైకోంకు బస్సు.

మహాదేవ ఆలయం చుట్టూ నాలుగు వైపులా మామూలు తారు రోడ్లు. స్కూటర్లు, ఆటోలు, పూల బుట్టలు. వందేళ్ల కిందట ఈ రోడ్ల మీద ఈళవలు, పులయలు వంటి కులాలవాళ్లు నడవకూడదు. గుళ్లోకి కాదు, గుడి పక్క రోడ్డు మీదికే. కుక్క నడవొచ్చు, పశువు నడవొచ్చు, వాళ్లు రాకూడదు. ఎక్కడ ఆగాలో చెబుతూ పలకలు నాటి ఉండేవి.

ఈ పోరాటం బీజం పడింది మన కాకినాడలో. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభకు టి.కె. మాధవన్ వెళ్లి అస్పృశ్యతా నివారణ తీర్మానం పెట్టించారు. అక్కడ కుదిరిన మద్దతుతోనే 1924 మార్చి 30న సత్యాగ్రహం మొదలైంది. తొలిరోజు ముగ్గురు చేతులు పట్టుకుని నడిచారు: పులయ కులస్థుడు కుంజప్పి, ఈళవ బాహులేయన్, నాయర్ గోవింద పణిక్కర్. గోవింద పణిక్కర్ ఒక్కడే అయితే వెళ్లవచ్చని పోలీసులు దారి చూపారు. మిగతా ఇద్దరినీ వదిలి వెళ్లనన్నాడు. ముగ్గురినీ అరెస్టు చేశారు. ఈ దృశ్యం నేను పిల్లలకు తప్పక చెబుతాను.

ఆ తర్వాత 600 రోజులకు పైగా సాగింది. తమిళ సంస్కర్త పెరియార్ ఇ.వి. రామసామి వచ్చి రెండుసార్లు జైలుకెళ్లారు. పంజాబ్ నుంచి సిక్కు అకాలీలు వచ్చి వంటశాల నడిపారు. 1924 వరదల్లో సత్యాగ్రహులు మెడలోతు నీళ్లలో నిలబడి వంతులు మార్చుకున్నారు. ఆమచాడి తేవన్ అనే దళిత కార్యకర్త కళ్లలో సున్నం పోశారు. 1925 ఫిబ్రవరిలో రోడ్లు తెరవాలన్న తీర్మానం తిరువిదాంకూర్ (ట్రావెన్‌కోర్) సంస్థానం శాసన మండలిలో ఒకే ఒక్క ఓటుతో, 21కి 22తో, ఓడిపోయింది. మార్చిలో గాంధీజీ వచ్చి ఆలయ పెద్దలతో మాట్లాడారు. నవంబరులో మూడు వైపుల రోడ్లు తెరిచారు, తూర్పు వైపు మాత్రం తెరవలేదు. ఆలయ ప్రవేశానికి 1936 దాకా ఆగాల్సి వచ్చింది.

నేను తూర్పు రోడ్డు మీద కూడా నడిచాను. పోరాటం సగంలోనే ఒప్పందమైందని నాకు బాధనిపిస్తుంది. నాలుగు రోడ్లు అడిగినవాళ్లకు మూడే ఇచ్చారు. పెరియార్ స్మారకాన్ని 2024 డిసెంబరులో కొత్తగా తీర్చిదిద్ది తెరిచారు. లోపల బడిపిల్లల గుంపు ఒకటి గోల చేస్తూ ఫోటోలు చూస్తోంది.

రాత్రికి తిరువనంతపురం.

శుక్రవారం, ఊరుట్టంబలం, తిరువనంతపురం

నగరానికి దక్షిణంగా నెయ్యాట్టిన్‌కర వైపు ఉన్న చిన్న ఊరు ఊరుట్టంబలం. ప్రభుత్వ పాఠశాల. అయ్యంకాళి, పంచమి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు దానికి. వెంగానూరుకు చెందిన అయ్యంకాళి 1893లో నిషేధాన్ని ధిక్కరించి ఎడ్లబండి ఎక్కి రాజమార్గంలో వెళ్లిన దళిత నాయకుడు. 1907లో సాధుజన పరిపాలన సంఘం స్థాపించారు. దళిత పిల్లలను బడిలో చేర్చుకోమని ప్రభుత్వ ఉత్తర్వులున్నా బడులు తలుపులు తెరవలేదు. అప్పుడు ఆయన పొలం పని బంద్ చేయించారు. మా పిల్లలకు బడి లేకపోతే మీ పొలాల్లో కలుపే మొలుస్తుందన్నది ఆ సమ్మె సారం. దేశంలో చదువు కోసం కూలీలు చేసిన సమ్మెల్లో ఇది తొలినాళ్లది. నెలల తరబడి పస్తులు తట్టుకున్నారు.

ఆయన చేయి పట్టుకుని పంచమి అనే పులయ పిల్లను ఈ బడికే తీసుకొచ్చారు. ఆ పిల్ల కూర్చున్నందుకు బడిని తగలబెట్టారు. కాలగా మిగిలిన ఒక బెంచీని ఇక్కడ దాచి ఉంచారు. ప్రధానోపాధ్యాయురాలు దగ్గరుండి చూపించారు. నల్లబడిన చెక్క, ఒక పక్క తరిగిపోయింది. నేను టీచర్ని కాబట్టి బెంచీలు నాకు రోజూ కనిపిస్తాయి. ఎవరు ముందు వరుసలో, ఎవరు వెనుక వరుసలో కూర్చుంటున్నారో మా బడిలో కూడా నాకు తెలుసు. వచ్చే వారం నుంచి వరుసలు రోజూ మారతాయి, ఈ నిర్ణయం మాత్రం ఆ గదిలోనే తీసుకున్నాను.

మధ్యాహ్నం నగరానికి తిరిగొచ్చాం. సిస్టర్ గారి మేనకోడలు ఇటీవలి స్థానిక ఎన్నికల్లో వార్డు సభ్యురాలిగా గెలిచింది. కేరళ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్లవే. ఆమెతో పాటు ఆమె వార్డులో ఆశా కార్యకర్త కూడా భోజనానికి వచ్చారు. మాట సహజంగానే 2025 నవంబరు మీదికి మళ్లింది. నవంబరు 1న ముఖ్యమంత్రి కేరళను తీవ్ర పేదరికం లేని రాష్ట్రంగా ప్రకటించారు. 2021 నుంచి వార్డు వార్డునా సర్వే చేసి 64,006 కుటుంబాలను గుర్తించారు. ఆహారం, ఆరోగ్యం, ఆదాయం, ఇల్లు, ఈ నాలుగింటిలో ఏది లేదో చూసి ఒక్కో కుటుంబానికి ఒక్కో ప్రణాళిక రాశారు. కొందరికి కావలసింది ఇల్లు. కొందరికి మందులు. కొందరికి రేషన్ కార్డు, గుర్తింపు కార్డు మాత్రమే. అవి లేకపోవడం వల్ల ఏ పథకంలోనూ లెక్కకు రాని మనుషులు వాళ్లు. లెక్క సరిగా లేదని, ఆదివాసీలు చాలామంది జాబితాలోకే రాలేదని విమర్శలు కూడా వచ్చాయి.

“పద్ధతి మంచిది” అంది వార్డు సభ్యురాలు. “ఒక్కో మనిషిని పేరుతో రాసుకోవడం మంచిది. కానీ జాబితా మూసేశాక కూడా మనుషులు పేదవాళ్లవుతారు కదా అత్తా.”

ఆశా కార్యకర్త అంతసేపూ ఊరికే వింటోంది. ఆ సర్వేకు ఇంటింటికీ తిరిగినవాళ్లలో ఆమె కూడా ఉంది. ఆమె మరోచోట కూడా ఉంది. 2025 ఫిబ్రవరి 10 నుంచి సచివాలయం ముందు ఆశా కార్యకర్తలు చేసిన ధర్నాలో. నెలకు 7,000 గౌరవ వేతనాన్ని 21,000 చేయమని అడిగారు. ఎండలో, వానలో ఫుట్‌పాత్ మీదే ఉన్నారు. యాభయ్యో రోజున జుట్టు కత్తిరించుకున్నారు. ఎనిమిది నెలలు దాటాక వెయ్యి రూపాయలు పెరిగింది.

సిస్టర్ గారు ఆమె పళ్లెంలో కూర వడ్డిస్తూ నెమ్మదిగా అడిగారు, నీ వార్డులో ఎన్ని ఇళ్లమ్మా అని. ఆమె చెప్పింది. గర్భిణులు, టీకాల పిల్లలు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు, మంచం పట్టినవాళ్లు. పాలియేటివ్ జీపు ఏ ఇంటి ముందు ఆగాలో ముందుగా చెప్పేది ఆమే. నేను మలప్పురంలో చూసి పొంగిపోయిన ఏర్పాటు మొత్తం ఇలాంటి ఆడవాళ్ల కాళ్ల మీద నడుస్తోంది. వాళ్ల జీతాన్ని జీతమని కూడా అనరు. ఈ విషయంలో కేరళ ఒక్కదాన్నే తప్పు పట్టలేం. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆశాలు రోడ్డెక్కారు, నా పూర్వ విద్యార్థినులు కొందరు వాళ్లలో ఉన్నారు. ఇతరుల బతుకుకు మర్యాద తెచ్చే పని చేసేవాళ్లకు బతకడానికి సరిపోయే జీతం ఇవ్వకుండా ఏ ప్రభుత్వమైనా ఏం ప్రకటించుకున్నా నేను ఒప్పుకోలేను. ఈ మాట ఆ భోజనాల బల్ల దగ్గర గట్టిగానే అన్నాను.

ఆశా కార్యకర్త నా వైపు చూసి, వార్డులో ఇద్దరి సంగతి చెప్పింది. ఒకరికి ఇల్లు మంజూరై పునాది దగ్గర ఆగింది. ఇంకొక ఇంట్లో భర్త పోయిన తర్వాత ఆదాయం పూర్తిగా పోయింది, సర్వే అయిపోయింది కాబట్టి జాబితాలో పేరు లేదు. రెండు దరఖాస్తులూ ఆమె సంచిలోనే ఉన్నాయి. వార్డు సభ్యురాలు చేయి కడుక్కుని వచ్చి వాటిని అక్కడే చదివింది. మొదటిదానికి ఇంజనీరు సంతకం కావాలి, రెండోదానికి కొత్తగా విచారణ జరగాలి. సోమవారం పంచాయతీ సమావేశంలో రెండూ పెడతానంది. తన వేతనం గురించి కూడా తీర్మానం పెట్టాలని ఆశా కార్యకర్త పట్టుబట్టింది. పంచాయతీకి ఆ అధికారం లేదని సభ్యురాలు అంది. అధికారం లేకపోయినా తీర్మానం చేసి పైకి పంపవచ్చు కదా అని సిస్టర్ గారు అన్నారు. ముగ్గురూ మలయాళంలో వాదించుకుంటూ కాగితం, పెన్ను తీసుకుని ఆ తీర్మానం మొదటి వాక్యం రాయడం మొదలుపెట్టారు.